జర్మనుల నవంబరు తొమ్మిది

జర్మనీ దేశపు జాతీయ దినోత్సవము అక్టోబరు 3వ తేదీన జరుగును. 1990లో ఆనాడు తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ ఒక్క రాజ్యమైనవి. ఐతే ఆ తేదీనే ఎందులకు ఎన్నుకొనిరని అడిగినచో వచ్చు సమాధానము కొంత నిరుత్సాహము కలిగించును. ఆనాడు ఏ వీథిలోను పోరాటము జరుగలేదు. ఏ వీరుడును ప్రాణమర్పింపలేదు. న్యూయార్కులో ఐరోపా దేశముల విదేశాంగ మంత్రుల సమావేశము అక్టోబరు 2న ముగియవలసి యుండెను. అంతకుముందు విలీనము కుదరదు. అక్టోబరు 7 దాటినచో తూర్పు జర్మనీ తన నలుబది యొకటవ స్థాపన దినమును జరుపుకొనవలసి వచ్చును. అది ఎవరికిని ఇష్టము లేదు. ఈ రెంటి నడుమ దొరికిన మొదటి దినము అక్టోబరు 3. పంచాంగము చూచి కాక, కార్యాలయపు గోడమీది క్యాలెండరు చూచి పెట్టిన ముహూర్తమది.

పండుగకు తగిన తేదీ జర్మనులకు లేకపోలేదు. 1989 నవంబరు 9వ తేదీ రాత్రి బెర్లిన్ గోడ ద్వారములు తెరచుకొన్నవి. ఇరువదియెనిమిదేండ్లు ఒకే నగరమున విడివడి బ్రదికినవారు నడివీథిలో కౌగిలించుకొని యేడ్చినారు. అట్టి రాత్రి లభించిన ఏ జాతియైనను దానిని పండుగ చేసికొనక మానదు. ఆ సూచన 1990లో వచ్చినది కూడ. కాని జర్మనులు వెనుకాడినారు. ఏలయన నవంబరు 9 అనునది 1938లోను వచ్చినది. 1923లోను, 1918లోను వచ్చినది. అంతకు ముందు 1848లోను వచ్చినది. మన యిండ్లలో ఒక్కొక్కచోట పెండ్లినాటి తిథియు, తండ్రి తద్దినపు తిథియు ఒక్కటే యగుట కలదు. ఆ యింటివారు ఆనాడు ఏమి చేయుదురు? పాయసము వండుదురా, పిండము పెట్టుదురా?

జర్మనులు ఈ దినమును ‘విధి దినము’ అని పిలుచుట కలదు. ఆ మాట వినుటకు గంభీరముగా నున్నది. కాని చరిత్ర చదువువాడు దానిని కొంచెము అనుమానముతో చూడవలెను. ఒక తేదీ పలుమారులు తిరిగి వచ్చినంత మాత్రమున అది విధి కానక్కరలేదు. ఈ నవంబరు తొమ్మిదులలో కొన్ని ఒకదానికొకటి పుట్టినవి. కొన్ని కేవలము కాకతాళీయములు. ఏది యేదో తేల్చుకొనుటయే ఈ దినమును అర్థము చేసికొనుటకు మొదటి మెట్టు.

మొదటిది 1848 నాటిది. ఆ యేడు మే నెలలో ఫ్రాంక్‌ఫర్టు నగరమున, సెయింట్ పాల్ చర్చిలో, జర్మను ప్రజలు ఎన్నుకొన్న తొలి శాసనసభ కూడినది. అందు రోబెర్ట్ బ్లూమ్ అను సభ్యుడు కలడు. కలోన్ నగరమున పేదకుటుంబములో పుట్టి, లైప్‌జిగ్ నగరమున నాటకశాలలో ఉద్యోగము చేసి, పుస్తకములమ్మి పైకివచ్చినవాడు. వియన్నాలో ప్రజలు తిరుగుబాటు చేసినప్పుడు వారికి తన పక్షము సానుభూతి తెలుపుటకై వెళ్లి, అక్కడి రక్షణ పోరాటములో పాల్గొన్నాడు. చక్రవర్తి సేనలు నగరమును వశపరచుకొని అతనిని పట్టుకొన్నవి. శాసనసభ్యుని బంధింపరాదను చట్టమును సైనిక న్యాయస్థానము లెక్కపెట్టలేదు. నవంబరు 9 ఉదయమున అతనిని కాల్చి చంపినారు. మరునాటికి అతనికి నలుబది యొక్క సంవత్సరములు నిండవలసి యుండెను. చనిపోవుటకు ముందు భార్యకు ఒక జాబు వ్రాసినాడు. మిక్కిలి అలసినవాడు తాను ‘రోబెర్ట్ బ్లూమ్ వలె కాల్చబడితి’నని చెప్పుకొనుట జర్మను భాషలో సామెతగా మిగిలినది. ఆ సామెత పలుకువారిలో ఆ బ్లూమ్ ఎవరో తెలిసినవారు తక్కువ. ఈ మరణమునకును, తరువాతి నవంబరు తొమ్మిదులకును కార్యకారణ సంబంధమేమియు లేదు. ఐనను, ఓటు ద్వారా వచ్చిన ప్రజాప్రతినిధిని తుపాకి లెక్కచేయదని జర్మను ప్రజాస్వామికులు నేర్చుకొన్న తొలి పాఠమది.

అసలు గొలుసు 1918లో మొదలగును. నాలుగేండ్ల మహాయుద్ధములో ఇంచుమించు ఇరువది లక్షలమంది జర్మను సైనికులు చనిపోయినారు. సెప్టెంబరు చివరనే హిండెన్‌బుర్గ్, లూడెన్‌డోర్ఫ్ అను సేనాధిపతులు యుద్ధము ఓడిపోయితిమనియు, వెంటనే విరమణ కోరవలెననియు ప్రభుత్వమునకు చెప్పినారు. నవంబరు మొదట కీల్ రేవులో నావికులు తిరుగబడినారు. ఆ అలజడి నగరము వెంట నగరమునకు పాకి 9వ తేదీ శనివారమునాడు బెర్లిన్ చేరినది. చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ అప్పుడు రాజధానిలో లేడు; బెల్జియమునందలి స్పా అను ఊర సైనిక శిబిరములో కూర్చుండి సింహాసనము విడువవలెనా వద్దా యని తర్జనభర్జన పడుచున్నాడు. మధ్యాహ్నమునకు ప్రధాని మాక్స్ ఫాన్ బాడెన్ ఇక ఆగలేక, చక్రవర్తి అనుమతి లేకయే, ఆయన సింహాసనము విడిచినట్లు ప్రకటించి, ప్రధాని పదవిని సాంఘిక ప్రజాస్వామ్య పక్ష నాయకుడగు ఏబెర్టుకు అప్పగించినాడు. ఏబెర్టు జీనులు కుట్టు వృత్తి నేర్చినవాడు.

అదే పక్షమునకు చెందిన షైడెమన్ అచ్చుకూటములో అక్షరములు కూర్చి బ్రదికినవాడు. అతడు పార్లమెంటు భవనపు భోజనశాలలో రసము త్రాగుచుండగా, వెలుపల జనము గుమిగూడినదనియు, లీబ్‌క్నెఖ్ట్ అను విప్లవ నాయకుడు సోవియట్ తరహా రాజ్యమును ప్రకటింపబోవుచున్నాడనియు వార్త వచ్చినది. షైడెమన్ లేచి, గవాక్షము వద్దకు పోయి, పాత కుళ్లిన రాచరికము కూలినదని చెప్పి, జర్మన్ రిపబ్లిక్కునకు జయమని కేక వేసినాడు. తిరిగివచ్చుసరికి ఏబెర్టు ముఖము కోపముతో ఎఱ్ఱబడి యున్నది. రాజ్యస్వరూపమును నిర్ణయింపవలసినది ఎన్నికైన సభగాని నీవెవ్వడవని గద్దించెనట. ఈ కథనము షైడెమన్ తన జ్ఞాపకములలో తానే వ్రాసికొన్నది. రెండు గంటల పిమ్మట లీబ్‌క్నెఖ్ట్ చక్రవర్తి కోట వద్ద మఱొక రిపబ్లిక్కును ప్రకటించినాడు. ఒకే మధ్యాహ్నమున ఒకే నగరములో రెండు రిపబ్లిక్కులు! మరునాడు చక్రవర్తి సరిహద్దు దాటి హాలండుకు పోయి, 1941లో చనిపోవువరకు అచ్చటనే యుండిపోయినాడు.

ఇంతవరకు ఇది శుభవార్తగా మిగులవలసిన దినము. రాచరికము పోయినది, రెండు నెలలలో స్త్రీలు తొలిసారి ఓటువేసినారు. కాని ఆ దినమును ప్రేమించినవారు లేకపోయినారు. వామపక్షము వారికి అది తమను మోసగించిన విప్లవము. రాచరికవాదులకు అది రాజద్రోహము. సేనాధిపతులు మఱింత తెలివిగా వ్యవహరించినారు. ఓటమిని ఒప్పుకొన్నది తామే యైనను, విరమణ పత్రముమీద నవంబరు 11న సంతకము చేయవలసిన భారము ఎర్త్స్‌బెర్గర్ అను పౌర రాజకీయవేత్తపై పడినది. ఏడాది తిరిగిన కొద్ది దినములకే, సేన ఓడిపోలేదనియు, వెనుకనుండి దేశద్రోహులు దానిని పొడిచిరనియు హిండెన్‌బుర్గ్ సాక్ష్యము చెప్పినాడు. ‘నవంబరు నేరస్థులు’ అను మాట వాడుకలోనికి వచ్చినది. ఎర్త్స్‌బెర్గరును 1921లో హంతకులు కాల్చివేసినారు. ఆ రిపబ్లిక్కు తన జన్మదినమును దేశమంతట సెలవుగా ప్రకటించుకొను ధైర్యము చేయలేదు. తన పుట్టినరోజును తానే దాచుకొన్న ఆ బిడ్డ పదునాలుగేండ్లే బ్రదికినది.

ఎవరును కోరని దినమును ఎవడో ఒకడు ఎత్తుకొనిపోవును. 1923 నవంబరు 8వ తేదీ రాత్రి మ్యూనిక్ నగరమున ఒక పెద్ద సారాయి మందిరములో మూడువేల మంది సభ చేసికొనుచుండగా హిట్లరు తన అనుచరులతో ప్రవేశించి, పిస్తోలుతో పైకప్పును కాల్చి, జాతీయ విప్లవము మొదలైనదని ప్రకటించినాడు. మొదట అతడు తలపెట్టినది నవంబరు 11, యుద్ధ విరమణ దినము. బవేరియా పాలకుల సభ 8న జరుగుటచే ముందుకు జరిపినాడు. ఏదైనను అతని కన్ను 1918 నవంబరుమీదనే యున్నది. ‘నవంబరు నేరస్థుల’పై పగ తీర్చుకొందుమన్నదే అతని నినాదము. డాలరు ఒకటికి 4,20,000 కోట్ల మార్కులు ఇయ్యవలసి వచ్చిన నెల యది. ఆకలిగొన్న జనమునకు నేరస్థుని పేరు చెప్పినవాడే నాయకుడు.

మరునాడు 9వ తేదీన ఇంచుమించు రెండువేలమంది నగరమధ్యమునకు నడచినారు. పోలీసులు అడ్డగించి కాల్చినారు. నలుగురు పోలీసులు, పదునారుగురు ఇతరులు చనిపోయినారు. హిట్లరు భుజము బెణికి పారిపోయి, రెండు దినములకు పట్టుబడినాడు. రాజద్రోహమునకు న్యాయమూర్తులు విధించినది అయిదేండ్ల శిక్ష. అతడు 1924 డిసెంబరులోనే విడుదలయైనాడు. జైలునుండి తెచ్చుకొన్నది ఒక గ్రంథపు వ్రాతప్రతి. ఒక న్యాయస్థానపు దయ లోకమునకు ఇంత ఖరీదైన సందర్భము చరిత్రలో అరుదు.

తేదీలను కావలెనని ఎన్నుకొనుట తప్పు కాదు. భారత దేశమున 1930 జనవరి 26న ఊరూర పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసినారు. 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగమును, ఆ జ్ఞాపకము కొఱకే రెండు నెలలాపి, 1950 జనవరి 26న అమలుపరచినారు. అది ప్రతిజ్ఞను చెల్లించుకొనుట. మ్యూనిక్ లో జరిగినది వేరు. అచ్చట తేదీని ఋణపత్రమువలె కాక కత్తివలె పట్టుకొన్నారు.

1933లో అధికారమునకు వచ్చిన పిమ్మట నాజీలు నవంబరు 9ని తమ పుణ్యదినము చేసికొన్నారు. చనిపోయిన పదునారుగురిని అమరవీరులన్నారు. 1935లో వారి శవపేటికలను తెచ్చి మ్యూనిక్ లో స్తంభముల మండపములలో నుంచినారు. ఏటేట 8వ తేదీ రాత్రి పాత అనుచరులు ఆ సారాయి మందిరమున చేరుట, 9న ఊరేగుట, రాత్రి విందు. ఈ ఆనవాయితీ తెలియనిదే 1938లో జరిగినది అర్థము కాదు.

ఆ యేడు అక్టోబరు చివర జర్మనీ ప్రభుత్వము తన గడ్డపైనున్న సుమారు 17,000 మంది పోలెండు యూదులను ఇండ్లనుండి లేవదీసి సరిహద్దున విడిచిపెట్టినది. అందొక దంపతుల కుమారుడు హెర్షెల్ గ్రిన్‌ష్పాన్, పదునేడేండ్లవాడు, పారిస్ లో నుండెను. తలిదండ్రుల దురవస్థ తెలిసి, నవంబరు 7న జర్మను రాయబార కార్యాలయమునకు పోయి, ఫొమ్ రాట్ అను ఉద్యోగిని కాల్చినాడు. అతడు 9వ తేదీ సాయంకాలము చనిపోయినాడు. ఆ వార్త మ్యూనిక్ చేరుసరికి నాజీ నాయకులందఱు పాత పురభవనములో వార్షికపు విందుకు కూర్చుండి యున్నారు. రాష్ట్రముల నాయకులు ఒకే గదిలో నున్నారు, ప్రక్కనే టెలిఫోనులు. హిట్లరు గోబెల్సుతో మాట్లాడి వెడలిపోయినాడు. గోబెల్సు లేచి ప్రసంగించినాడు. ఆజ్ఞ అని పేరు పెట్టకయే ఆజ్ఞ ఇచ్చినాడు. విన్నవారు తమ తమ ఊళ్లకు టెలిఫోను చేసినారు. విందుకు అందఱు ఒకచోట చేరియుండనిచో ఆ రాత్రి అంత వేగముగా దేశమంతట మంటలు లేచెడివి కావు. 1918 నుండి 1923, 1923 నుండి 1938: ఇది విధి వ్రాత కాదు, మనుష్యులు వరుసగా వేసికొన్న ముడులు.

ఆ రాత్రియు మరునాడును 1,400కు పైగా యూదుల ప్రార్థనాలయములు కాలినవి లేక కూలినవి. ఏడువేల అయిదువందల దుకాణములు పగిలినవి. అగ్నిమాపక దళములు వచ్చి నిలిచినవి; ప్రక్కయిండ్లకు నిప్పంటకుండ చూచుటయే వారికి ఇచ్చిన పని. 30,000 మంది యూదు పురుషులను పట్టుకొని డాఖౌ, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌజెన్ శిబిరములకు పంపినారు. ప్రభుత్వము ఒప్పుకొన్న మృతులు 91. నిజముగా చనిపోయినవారు అంతకు ఎన్నో రెట్లు. పిమ్మట, ఈ నష్టమునకంతటికి కారకులు యూదులేయని, వారిమీదనే 100 కోట్ల మార్కుల జరిమానా విధించి, వారికి రావలసిన బీమా సొమ్మును కూడ ప్రభుత్వమే తీసికొన్నది. ఇల్లు కాల్చి బూడిదకు వెల కట్టుట యనిన ఇదియే.

వీథులలో పరచుకొన్న అద్దపు ముక్కలను బట్టి ఆ రాత్రికి ‘స్ఫటిక రాత్రి’ యని పేరు వచ్చినది. నేటి జర్మనులు పలువురు ఆ పేరును విడిచి ‘హింసాకాండ రాత్రి’ యందురు. పగిలినవి అద్దములు మాత్రమే కావు గనుక ఆ మార్పు ఉచితమే. భాష బోధించువారు గమనింపదగిన విషయమిది: ఒక అందమైన మాట ఎంత దారుణమునైనను కప్పిపుచ్చగలదు.

ఎవరును అడ్డుపడలేదా? బెర్లిన్ లో ఒరానియెన్‌బుర్గర్ వీథినున్న గొప్ప ప్రార్థనాలయమునకు నిప్పు పెట్టినవారిని ఆ ఠాణా పోలీసులు, అది ప్రభుత్వము రక్షించవలసిన కట్టడమని చెప్పి, వెళ్లగొట్టి అగ్నిమాపకదళమును పిలిపించినారు. చట్టము తెలిసిన కొద్దిమంది తమ పని తాము చేసినంత మాత్రముననే ఒక భవనము ఆ రాత్రికి నిలిచినది. మరుసటియేడు, 1939 నవంబరు 8న, గేయోర్గ్ ఎల్జెర్ అను వడ్రంగి మ్యూనిక్ సారాయి మందిరపు స్తంభములో తాను ముప్పదికి పైగా రాత్రులు దాగియుండి తొలిచి అమర్చిన బాంబు ప్రేలినది. పొగమంచు మూలమున హిట్లరు విమానము మాని రైలెక్కవలసి వచ్చి, పదుమూడు నిమిషములు ముందుగా వెళ్లిపోయినాడు. ఎనిమిదిమంది చనిపోయినారు. ఎల్జెరును యుద్ధము ముగియుటకు నెలదినముల ముందు, 1945 ఏప్రిల్ 9న, డాఖౌలో చంపినారు. వార్షికోత్సవమని తెలిసియే అతడును ఆ తేదీని ఎన్నుకొన్నాడు. ఒక దినమును పట్టుకొని వ్రేలాడువాడు ఎప్పుడు ఎక్కడ దొరకునో ఇతరులకు తెలిసిపోవును.

ఇక 1989. ఇచ్చట గొలుసు తెగి యాదృచ్ఛికము ప్రవేశించును. ఆ యేడు సెప్టెంబరులో హంగరీ తన సరిహద్దు తెరచినది. అక్టోబరు 9న లైప్‌జిగ్ నగరమున, బ్లూమ్ బ్రదికిన ఆ ఊరనే, డెబ్బదివేలమంది నిరాయుధులై నడచినారు. కాల్చుమను ఆజ్ఞ రాలేదు. ఆ నిశ్శబ్దముతోనే తూర్పు జర్మనీ ప్రభుత్వము ఓడిపోయినదనవచ్చును. ఒక నెలకు ప్రయాణ నిబంధనలు సడలించుటకు నిశ్చయించి ఒక కాగితము వ్రాసినారు. అది 10వ తేదీ తెల్లవాఱుజామున ప్రకటింపవలసినది. 9వ తేదీ సాయంకాలము పత్రికా సమావేశమునకు పోవుచున్న షబోవ్‌స్కీకి ఆ కాగితమును చేతికిచ్చినారు. దానిపై చర్చ జరిగినప్పుడు అతడు అచ్చట లేడు. సమావేశము ముగియబోవు వేళ, ఏడు గంటలకు కొంచెము ముందు, దానిని చదివినాడు. ఎప్పటినుండి అమలు అని విలేకరులు అడిగినారు. అతడు కాగితములు త్రిప్పి చూచి, తనకు తెలిసినంతవరకు వెంటనే యని జవాబిచ్చినాడు. అది టెలివిజనులో ప్రత్యక్షముగా వచ్చుచున్నది.

జనము సరిహద్దు ద్వారములకు వచ్చినారు. బోర్న్‌హోల్మర్ వీథి ద్వారమున హారల్డ్ యేగర్ అను అధికారి పై అధికారులకు మాటిమాటికి టెలిఫోను చేసినాడు. తగిన ఆజ్ఞ ఎవరును ఇయ్యలేదు. జనము వేలకు పెరిగినది. తొక్కిసలాటయో, కాల్పులో తప్పవని భయపడి, రాత్రి పదునొకండున్నర గంటలకు, తన బాధ్యతమీదనే అడ్డుకమ్మి యెత్తించినాడు. ఆ గోడవద్ద 1961 నుండి కనీసము 140 మంది ప్రాణములు కోల్పోయినారు. ఆ రాత్రి ఒక్క తూటా పేలలేదు. ఆ ద్వారము గుండ దాటినవారిలో ముప్పదియైదేండ్ల భౌతికశాస్త్రజ్ఞురాలొకతె కలదు. ఆమె ప్రతి గురువారము ఆవిరిస్నానమునకు పోవును. ఆనాడును పోయి, ముగించుకొని, వచ్చి జనముతో కలిసి నడచినది. ఆమె పేరు అంగేలా మెర్కెల్. 2005 నుండి 2021 వరకు జర్మనీ ప్రధానిగా నుండినది.

షబోవ్‌స్కీ ఆ కాగితమును సావధానముగా చదివియుండినచో గోడ 10వ తేదీన తెరచుకొనెడిది. జర్మనులకు నిష్కళంకమైన పండుగ దినము దొరికియుండెడిది. అది దొరకకపోవుట నష్టమని తలచువారు కలరు. కాని 9వ తేదీని పండుగ చేసి, బాణసంచా కాల్చి, మేళములు పెట్టియుండినచో ఏమగును? ప్రార్థనాలయములు మండిన రాత్రియే ఆకాశమున వెలుగులు. ఒక తరమునకు అది అపచారమనిపించును. రెండవ తరమునకు అలవాటగును. మూడవ తరమునకు 1938 పాఠ్యపుస్తకములో ఒక పంక్తి. పెద్ద సంతోషము చిన్న స్వరములను వినిపించనీయదు. 1990లో జర్మనులు ఏ వీరగాథయు లేని అక్టోబరు 3ను సెలవు దినము చేసి, నవంబరు 9ని సెలవు లేని దినముగనే విడిచిపెట్టినారు. ఆ నిర్ణయము చప్పగా నున్నది, కాని తెలివియైనది.

మ్యూనిక్ నగరమున ఒహెల్ యాకోబ్ అను ప్రార్థనాలయము 1938లో కాలిపోయినప్పుడు, తండ్రి చేయి పట్టుకొని ఆ ప్రక్కగా నడచిన ఆరేండ్ల బాలిక యుండెను. ఆమె షార్లొట్ క్నోబ్లోఖ్. 2006లో అదే పేరుతో అదే నగరమున క్రొత్త ప్రార్థనాలయము తెరచినప్పుడు ఆమె అచ్చటి యూదు సమాజమునకు అధ్యక్షురాలు. ప్రారంభమునకు వారు పెట్టుకొన్న ముహూర్తము నవంబరు 9.

బెర్లిన్ లో ఏటేట ఆ తేదీన బెర్నావర్ వీథిలో మిగిలిన గోడ సందులలో గులాబీలు గ్రుచ్చుదురు. అదే నగరపు కాలిబాటలలో, పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు ఇండ్లముందు పాతియుండును. నాజీలు తీసికొనిపోయినవారి పేరు, పుట్టిన యేడు, చంపిన చోటు వానిపై చెక్కియుండును. 2023 నాటికి ఐరోపాలో అట్టివి లక్ష నిండినవి. ఇత్తడి గాలికిని వానకును నల్లబడును. నవంబరు 9 సాయంకాలము ఇరుగుపొరుగువారు, బడిపిల్లలు వచ్చి మోకాళ్లమీద కూర్చుండి, గుడ్డతో ఆ పలకలను తోమి, ప్రక్కన ఒక దీపము పెట్టి పోవుదురు.